టీనేజ్‌లో కత్తెరేసిన పోస్టర్, ఇప్పుడు అసలో నకలో తేలట్లేదు

#1 పాతపెట్టె

అందరికీ నమస్తే. నాలుగేళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే గానీ ఒక్క ముక్క రాసింది లేదు, ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మొన్న ఇల్లు మారుతూ సామాన్లు సర్దుతుంటే నా టీనేజ్ పెట్టె బయటపడింది. రేకు పెట్టె, మూత మీద పెయింట్‌తో "ముట్టుకుంటే చస్తారు" అని రాసుంది, అది మా చెల్లి కోసం. లోపల స్టార్ వార్స్ బొమ్మలు, మ్యాగజైన్ కటింగులు, ఒక నవల, ఎవరో పంపిన ఫిల్మ్ ముక్కలు, అన్నిటికీ అడుగున 1977 నాటి స్టార్ వార్స్ సినిమా పోస్టర్. టామ్ జంగ్ వేసిన బొమ్మ, హీరో ల్యూక్ వెలుగు కత్తి రెండు చేతుల్తో పైకెత్తి ఉంటాడు, వెనక ఆకాశమంతా విలన్ వేడర్ మొహం, అదన్నమాట.

అది నాకు 1995లో వచ్చింది, అప్పుడు 14 ఏళ్ళు. నేను పుట్టడానికి నాలుగేళ్ళ ముందొచ్చిన సినిమాకి వీడికి ఈ పిచ్చేంటని ఇంట్లో అందరికీ డౌటే. మ్యాగజైన్ వెనక పేజీల్లో అడ్రస్‌లు చూసి ఉత్తరాలు రాసేవాణ్ణి, నా దగ్గర ఇవి డబల్ ఉన్నాయి నీ దగ్గరేమున్నాయి అని, ఇక జవాబు వచ్చేదాకా నెలన్నర పోస్ట్‌మ్యాన్ సైకిల్ చప్పుడుకే చెవులు. అలా ఒకడికి టాప్స్ కంపెనీ వేసిన స్టార్ వార్స్ బొమ్మల కార్డుల్లో నీలం అంచున్న మొదటి సిరీస్ మొత్తం 66 కార్డులూ ఇచ్చేస్తే వాడు ఈ పోస్టర్ మడతపెట్టి కవర్లో పంపాడు. ఆ కవర్ విప్పిన రోజు నేను అన్నం తినలేదని అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

ఇప్పుడు అసలు విషయం. చుట్టూ తెల్ల అంచు ఉంది కదా, అది ఉంటే గోడకి పోస్టర్ అతికించినట్టుంటుంది, అది తీసేస్తే గోడకి కన్నం పడి అవతల అంతరిక్షం కనపడ్డట్టుంటుంది అని నాకో గొప్ప ఐడియా. స్కేలు పెట్టి పెన్సిల్ గీత గీసి, వంటింటి కత్తెరతో నాలుగు పక్కలా కత్తిరించేశా. కింద కుడివైపు చెయ్యి వణికి కొంచెం బొమ్మలోకి కూడా పోయింది.

నిన్న మా ఆఫీస్‌లో ఒకతనికి ఫోటో చూపిస్తే ఇది రీప్రింట్ అయ్యుంటుంది అన్నాడు. అప్పట్నుంచి కడుపులో ఏదోలా ఉంది. అమ్ముకోవడానికి కాదండి. అప్పుడు 66 కార్డులిచ్చి నేను తీసుకున్నది నిజంగా ఆ సినిమా నాటి కాగితమేనా, అది తెలిస్తే చాలు. ఎలా చూడాలి?

#2 శనివలయం

వంటింటి కత్తెర అన్న చోట ఫోన్ పక్కన పెట్టి కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చా అన్నా

#3 కాగితంపురుగు

పాతపెట్టె గారూ, స్వాగతం. జరిగిందేదో జరిగింది, తిట్టడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు, నేను పనికొచ్చేది చెప్తాను.

ఆ రోజుల్లో హాళ్ళకి వెళ్ళే అమెరికన్ వన్ షీట్ పోస్టర్ 27 అంగుళాల వెడల్పు, 41 అంగుళాల పొడవు. ఇప్పుడొచ్చేవి 27 బై 40. మీరు అంచులు తీసేశారు కాబట్టి ఆ కొలత పోయింది. రెండోది, కింద తెల్ల అంచులో నేషనల్ స్క్రీన్ సర్వీస్ వాళ్ళ నంబర్ ఉంటుంది. 1940 నుంచి దాదాపు నలభై ఏళ్ళ పైచిలుకు అక్కడి హాళ్ళకి పోస్టర్లు ఎక్కువగా సప్లై చేసింది వాళ్ళే. ఈ సినిమాకి 77/21. 77 అంటే సంవత్సరం, 21 అంటే ఆ ఏడాది వరసలో ఈ సినిమా నంబర్. అది కూడా మీ కత్తెరకే పోయింది. అంటే చూడగానే గుర్తుపట్టే సాక్ష్యాలు రెండూ మీరే తీసేశారు :)

మిగిలినవి ఇవి. మడతలు చూడండి: అడ్డంగా మూడు, నిలువుగా ఒకటి ఉండాలి, విప్పితే ఎనిమిది గళ్ళు. ఇక్కడ ఒక తమాషా ఉంది. దొంగ ప్రింట్లు చాలా వరకు అసలు పోస్టర్‌ని ఫోటో తీసి వేసినవి, అందుకని పాత పోస్టర్ మడతలు కూడా బొమ్మలో అచ్చయిపోతాయి. కంటికి మడత కనిపిస్తుంది, వేలితో తడిమితే కాగితం నున్నగా ఉంటుంది. కాబట్టి కళ్ళు మూసుకుని తడమండి.

తర్వాత మంచి భూతద్దం తీసుకుని కింద పేర్లున్న చిన్న అక్షరాలు చూడండి. అసలుదైతే అక్షరం అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, లోపల గట్టి రంగు. ఫోటో తీసి వేసిందైతే అక్షరం కూడా చుక్కలు చుక్కలుగా, అంచులు పాకినట్టు కనిపిస్తాయి.

చూసి చెప్పండి. అప్పటిదాకా దయచేసి దాన్ని ఇస్త్రీ చెయ్యకండి. నవ్వకండి, ఏడాదికి ఒకరైనా చేస్తారు.

#4 రోబోరాణి

తమ్ముడూ బాధపడకు, మనందరి చేతికీ ఒక కత్తెర కథ ఉంటుంది. నాది విను.

1979లో నాకు పదమూడు. బోబా ఫెట్ అనే స్టార్ వార్స్ పాత్ర ఇంకా సినిమాలోకి రాకముందే బొమ్మ ఇస్తామని ఆఫర్ పెట్టారు, కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ బొమ్మల అట్టల మీంచి, కొన్నట్టు రుజువుగా ఉండే గుర్తులు నాలుగు కత్తిరించి పోస్ట్‌లో పంపితే చాలు, బొమ్మ ఇంటికొస్తుంది. వీపు మీద రాకెట్, మీట నొక్కితే ఎగురుతుందని ముందు ప్రకటనలు. నేను అట్టలు పారేసేదాన్ని కాదు, పరుపు కింద దాచేదాన్ని, ఆ దాచిన అట్టలు నాలుగింటికీ చతురస్రంగా కిటికీలు కోసి పంపేశా. ఈ రోజు ఆ కిటికీ ఉన్న అట్టని చూసి కలెక్టర్లు "అయ్యో" అంటారు, అప్పుడు మాకు అది కరెన్సీ!

బొమ్మ వచ్చింది. రాకెట్ కదల్దు. జిగురేసి అంటించేశారు. అంతకుముందే వేరే టీవీ సీరియల్ తాలూకు బొమ్మ అంతరిక్ష ఓడలోంచి ఎగిరిన చిన్న ముక్క గొంతులో పడి ఒక పిల్లాడు చనిపోయాడు, అందుకని ఎగిరే రాకెట్ ఆలోచనే మానేశారు, అట్టల మీద ఆ ప్రకటన ఉన్న చోట స్టిక్కర్ వేసి కప్పేశారు. కరెక్టే చేశారు. కానీ పదమూడేళ్ళ దానికి అదంతా ఎక్కడ తెలుసు? లోపల స్ప్రింగ్ ఉండే ఉంటుంది, నా ఒక్కదానికే పొరపాటున అంటుకుంది అనుకుని బ్లేడ్ పెట్టి అరగంట కష్టపడ్డా. టక్‌మంది. రాకెట్ సగానికి విరిగింది. వీపులో మిగిలిన ఆ ఎర్ర మొండి ఇప్పటికీ అలాగే ఉంది, లోపల స్ప్రింగూ లేదు గాడిద గుడ్డూ లేదు.

ఆ ఎగిరే రాకెట్ బొమ్మ దుకాణాల్లోకి రానే లేదు, బయట ఉన్నవన్నీ ప్రోటోటైపులే, అంటే కంపెనీ ముందుగా చేసి చూసుకున్న నమూనాలు. 2024లో అలాంటిది ఒకటి వేలంలో 5,25,000 డాలర్లకి పోయింది. నా మొండి బోబాని చూస్తే నాకు ఆ అంకె గుర్తురాదు, ఆ టక్ అన్న చప్పుడే గుర్తొస్తుంది.

#5 కుర్రగ్రహం

అక్కా సూపర్ 😂 నాకు 17, నేను ఇప్పుడే మొదలుపెట్టా. నాకో డౌట్, థ్రెడ్ దారి తప్పిస్తే సారీ. నా దగ్గర స్టార్మ్‌ట్రూపర్ (తెల్ల కవచం సైనికుడి బొమ్మ) ఒకటుంది, కాలి వెనక 1977 అని అచ్చుంది అంటే ఫస్ట్ ఇయర్‌ది కదా?? కానీ టీ పోసినట్టు పసుప్పచ్చగా అయిపోయింది, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెడితే తెల్లబడుతుందని వీడియోలు చూశా, రేపు చేద్దామనుకుంటున్నా

#6 రోబోరాణి

రేపు చెయ్యకు నాన్నా.

ముందు ఆ కాలి సంగతి. అది కాపీరైట్ సంవత్సరం, బొమ్మ తయారైన సంవత్సరం కాదు. ఆ పాత్ర బొమ్మని మొదట రిజిస్టర్ చేసిన ఏడు అచ్చులో పడింది, అదే అచ్చు ఏళ్ళ తరబడి తిరిగింది, కాబట్టి 1983లో పోత పోసిన దానికీ 1977 అనే ఉంటుంది. దీన్ని నమ్మి ఎంతమంది చేతులు కాల్చుకున్నారో.

పసుపు రంగు మురికి కాదు, ప్లాస్టిక్కే మారిపోవడం, ఎండా గాలీ కలిసి చేసే పని. పెరాక్సైడ్‌తో తెల్లబడుతుంది, నిజమే. కొన్నాళ్ళకి మళ్ళీ తిరిగొచ్చినవి చూశాను, మచ్చలు మచ్చలుగా తెల్లబడ్డవి చూశాను, పెళుసెక్కి చెయ్యి ఊడొచ్చింది కూడా చూశాను. పైగా తర్వాత ఎవరికైనా ఇస్తే చెప్పకుండా ఇవ్వడం మోసం. గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క సబ్బు, మెత్తటి బ్రష్, అంతే. పసుపు ట్రూపర్ అంటే ఎండలో ఎక్కువ డ్యూటీ చేశాడనుకో.

#7 నెగెటివ్ నాగు

పాతపెట్టె బ్రో, ఫిల్మ్ ముక్కలు అన్నావే, వాటి గురించి ఎవరూ అడగట్లేదు, ఎన్ని ఫ్రేములు? ఏ రంగులో ఉన్నాయి?

నేను ఎందుకడుగుతున్నానంటే నా కలెక్షన్ అంతా అదే. టీనేజ్‌లో బొమ్మలు కొనే స్తోమత లేదు, మా ఫ్రెండ్ వాళ్ళ అన్న ప్రొజెక్టర్ రూమ్‌లో పనిచేసేవాడు, రీలు తెగినప్పుడు అతికించడానికి రెండు మూడు ఫ్రేములు కోసి కింద పడేస్తారు కదా, అవి ఏరుకొచ్చి ఇచ్చేవాడు. 35 ఎం.ఎం. ఫ్రేము ఒక్కోదానికి రెండు పక్కలా నాలుగేసి కన్నాలు, ఒక పక్కన కన్నాలకి లోపలి వైపు సౌండ్ గీత అలలు అలలుగా. మొత్తం మీద ఒక అంతరిక్ష నౌక షాట్‌వి 11 ఫ్రేములు పోగేశా. సెకనుకి 24 ఫ్రేములు కదా, లెక్కేస్తే ఆ సినిమాలో నాకు సొంతమైంది అర సెకను కూడా లేదు 😄 కానీ ఆ అర సెకనుని ట్యూబ్‌లైట్‌కి ఎదురు పెట్టి ఒక్కో ఫ్రేమ్ మార్చి మార్చి చూసేవాణ్ణి, నౌక ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ వెంట్రుకవాసి కదిలేది, మా ఫ్రెండ్ కదల్లేదంటాడు నేను కదిలిందంటాను, దీని మీద ఒక వారం మాటల్లేవు మా ఇద్దరికీ.

ఇప్పుడవన్నీ గులాబీ రంగు. నల్లగా ఉండాల్సిన ఆకాశం ఎర్ర మట్టిలా ఉంటుంది. ఆ కాలం ప్రింట్లలో నీలం వైపు రంగు ముందు ఎగిరిపోతుంది, ఎరుపు మిగుల్తుంది. విచిత్రమేంటంటే కిటికీ పక్కన పెట్టిన పోస్టర్‌కి సరిగ్గా ఉల్టా, ఎరుపూ పసుపూ పోయి నీలం మిగుల్తుంది. బీరువాలో పెట్టినా పోతుంది గోడకి పెట్టినా పోతుంది, రంగు మాత్రం వేరు.

ఒకటి చెప్తా, ఆ పెట్టె తెరిస్తే వెనిగర్ వాసన వస్తోందా? వస్తే ఫిల్మ్ ముక్కలు వెంటనే వేరే చోట పెట్టు, కాగితాలతో కలిపి ఉంచకు, ఆ ఆవిరి ఆమ్లమే, పక్కనున్న వాటిని కూడా తినేస్తుంది.

#8 శనివలయం

రోబోరాణి గారూ మీ పేరు ఫర్బిడెన్ ప్లానెట్ సినిమాలోని రాబీ రోబో మీద అభిమానమా? 2017లో ఆ 1956 నాటి సూట్ వేలంలో 53 లక్షల డాలర్లు దాటింది. మీరు 1956లోనే కొనుక్కుని ఉంటే మాకో మూల నిలబెట్టేవారు

#9 రోబోరాణి

నేనప్పటికి పుట్టలేదయ్యా బాబూ, పుట్టుంటే ఎత్తుకొచ్చేదాన్నే. అవును ఆయన మీదే.

#10 పాతపెట్టె

అందరికీ థాంక్స్, నిన్న రాత్రి రెండింటి దాకా కూర్చున్నా.

మడతలు: అడ్డం మూడు, నిలువు ఒకటి, ఎనిమిది గళ్ళు. కళ్ళు మూసుకుని తడిమా (మా ఆవిడ చూసి ఏంటి ఈ మనిషికి అంది), వేలికి గీత తగుల్తోంది. మడతలు కలిసే చోట రంగు పొరలు లేచి తెల్ల కాగితం కనిపిస్తోంది, మధ్యలో ఒక చోట మినప గింజంత చిల్లు కూడా ఉంది. వెనక వైపు మడతల మీద లేత గోధుమరంగు గీత.

అక్షరాలు: మా అబ్బాయి స్టాంపుల భూతద్దంతో చూశా. బొమ్మలో చుక్కలు కనిపిస్తున్నాయి, పేర్లలో మాత్రం చుక్కల్లేవు, గట్టి రంగు. మా అబ్బాయి కూడా చూసి లేవనే అన్నాడు, నన్ను నేను నమ్మట్లేదు అందుకని.

మూలల్లో నేను వేసిన టేప్ ఉంది, ప్లాస్టిక్ పొర ఎప్పుడో ఊడిపోయి జిగురు మాత్రం తేనె రంగులో కాగితంలోకి దిగిపోయింది. నాలుగు మూలలా నాలుగు. దాన్ని చూస్తే కత్తెర కంటే ఇదే ఎక్కువ బాధేస్తోంది.

నాగు గారూ ఫిల్మ్ ముక్కలు ఆరు, అన్నీ గులాబీ. వెనిగర్ వాసన లేదు, పాత పుస్తకం వాసనే. అయినా తీసి వేరే పెట్టా.

#11 కాగితంపురుగు

మీరు రాసింది వింటే నాకు నమ్మకం పెరిగింది. మడతలో సిరా విరగడం, చుక్కల్లేని అక్షరాలు, ఈ రెండూ కలిపి నకలు చెయ్యడం కష్టం. కానీ కింది అంచు లేకుండా నేను సంతకం పెట్టను. నిజాయితీగా చెప్పాలి కదా.

టేప్ జిగురు మీరు తియ్యకండి. పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్, హెయిర్ డ్రయ్యర్, ఇంట్లో దొరికేవన్నీ జనం ప్రయత్నించారు, అన్నిటి ఫలితాలూ చూశాను. కాగితం రెస్టోరేషన్ తెలిసినవాళ్ళ పని అది. పోస్టర్‌ని మడత విప్పి, ఆమ్లం లేని అట్ట మీద పరిచి, పైన మైలార్ షీటు (పారదర్శకంగా ఉండే పాలిస్టర్ పొర) వెయ్యండి. మెత్తగా, ప్లాస్టిక్ వాసనొచ్చే పీవీసీ షీటు వద్దు, అది సిరాని పట్టుకుని లాగేస్తుంది.

#12 కుర్రగ్రహం

ఒక ఐడియా, స్కాన్ దొరుకుతుంది కదా, తెల్ల అంచు ప్రింట్ తీసి చుట్టూ అతికిస్తే ఫ్రేమ్‌లో తేడా తెలీదు?

#13 కాగితంపురుగు

తమ్ముడూ. లేదు.

#14 నెగెటివ్ నాగు

పురుగు గారు అంత చిన్న జవాబు ఇచ్చారంటే నిజంగా కోపమొచ్చినట్టు. కానీ నేను కుర్రాడి వైపు కొంచెం. గుడ్డ మీద అతికించి చిరుగులు పూడ్చి రంగు వేయించేవాళ్ళు లేరా? అది ఓకే, ఇది నాట్ ఓకే అంటే ఎలా? ఎక్కడ గీత గీస్తారు?

#15 కాగితంపురుగు

చెప్పి చేస్తే రెస్టోరేషన్, చెప్పకుండా చేస్తే నకలు. నాకు అంతకంటే పెద్ద సిద్ధాంతం లేదు. లినెన్ బ్యాకింగ్, అంటే మీరన్న గుడ్డ మీద అతికించడం, చేసింది వెనక తిప్పగానే తెలిసిపోతుంది, నీళ్ళతో మళ్ళీ విడదీయొచ్చు కూడా. కొత్త అంచు అతికించి ఫ్రేమ్‌లో పెట్టారనుకోండి, ఇరవై ఏళ్ళకి ఆ ఫ్రేమ్ ఎవరి చేతికెళ్తుందో, వాళ్ళకి ఎవరు చెప్తారు?

#16 రోబోరాణి

నేనైతే ఏమీ చేయించను. నా మొండి బోబాకి కొత్త రాకెట్ పెట్టుకోమని ఎన్నిసార్లు అన్నారో.

#17 మోడ్‌మామ

సీల్ తియ్యని బొమ్మలు గొప్పా, ఆడుకున్నవి గొప్పా అన్న గొడవ మళ్ళీ మొదలెట్టిన మూడు పోస్టులు వేరే థ్రెడ్‌కి పంపించా. దీని ధరెంతుంటుంది అని అడిగింది కూడా తీసేశా. పాతపెట్టె గారూ మీరు కానివ్వండి.

#18 పాతపెట్టె

చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి.

పెట్టెలో ఒక నవల ఉందన్నాను కదా. స్టార్ వార్స్ నవలే, సినిమా రాకముందు 1976లోనే వచ్చింది, కవర్ మీద జార్జ్ లూకాస్ పేరున్నా రాసింది అలన్ డీన్ ఫాస్టర్. సినిమా కంటే పుస్తకం ముందుంటే అసలు కథ ఏదని చిన్నప్పుడు తెగ వాదించేవాణ్ణి. ఇవాళ ఊరికే తెరిచా, ఎక్కడిదాకా చదివి ఆపేశానో అని. మధ్యలో బుక్‌మార్క్ ఉంది. జానెడు పొడవు, వేలెడు వెడల్పు, తెల్లటి కాగితం ముక్క, ఒక అంచు నున్నగా, ఇంకో అంచు కత్తెరతో వంకర.

ఆ వంకర నాకు తెలుసు. అది నా చెయ్యే.

దాని మీద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం సగం ఉంది, పక్కన 77/21.

పోస్టర్ పక్కన పెట్టా, కింద కుడివైపు నేను బొమ్మలోకి కత్తెర పోనిచ్చిన చోట ఆ గాటు ఈ ముక్కకి అతుక్కుపోయింది, కొద్దిగా నలుపు రంగు కూడా దీని అంచున ఉంది. మిగతా అంచులు ఎటు పోయాయో తెలీదు, ఈ ఒక్క ముక్క నవల చదవడానికి ఉంచుకున్నట్టున్నాను.

#19 కాగితంపురుగు

ఫోటో చూశాను. జూమ్ చేసి మళ్ళీ చూశాను. ఇప్పుడు సంతకం పెడతాను.

ఆ సగం వాక్యం ఆ కాలం పోస్టర్ల కింద ఉండేదే: ఇది అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, వాడాక తిరిగి పంపాలి లేదా నాశనం చెయ్యాలి అని హాలు వాళ్ళకి షరతు. పోస్టర్ అద్దె సరుకు వాళ్ళ లెక్కలో. కలెక్టర్ల దగ్గర ఉన్న ప్రతిదీ ఎవరో ఒకరు ఆ షరతు పాటించకపోబట్టే మిగిలింది.

ఆ ముక్కని అతికించకండి. అదే మైలార్‌లో పోస్టర్ పక్కన పెట్టండి.

#20 శనివలయం

"నాశనం చెయ్యాలి" అన్నది పాటించడానికి అన్న ఒక్కడే ట్రై చేశాడు, అదీ సగమే

#21 పాతపెట్టె

😂😂 నిజమే.

ఇంకోటి చెప్పడం మర్చిపోయా. ఆ ముక్క వెనక నా పెన్సిల్ రాత ఉంది. కెన్నర్ మొదట వదిలిన 12 బొమ్మల లిస్టు, ఎవరి దగ్గర్నుంచైనా వచ్చినప్పుడల్లా టిక్ పెట్టుకున్నట్టున్నా. ల్యూక్ టిక్, లేయా టిక్, వేడర్‌కి రెండు టిక్కులు. జావాకి టిక్ పక్కన "గుడ్డ అంగీ" అని రాసుకున్నా, మొదట్లో వచ్చిన వినైల్ (ప్లాస్టిక్) అంగీది అరుదని అప్పటికే తెలుసన్నమాట నాకు. పదకొండు టిక్కులున్నాయి. పన్నెండోది ఖాళీ.

#22 రోబోరాణి

ఆగు నన్ను చెప్పనీ. డెత్ స్క్వాడ్ కమాండర్.

#23 పాతపెట్టె

అక్కా ఎలా తెలుసు!!

#24 రోబోరాణి

బూడిద రంగు బట్టలు, నల్ల టోపీలాంటిది, పేరుకి కమాండర్ గానీ సినిమాలో ఎవడో కూడా ఎవరికీ గుర్తులేదు. తర్వాత ఆ పేరు బాలేదని స్టార్ డిస్ట్రాయర్ కమాండర్ అని మార్చారు, అయినా ఎవరూ అడగలేదు పాపం. మార్పిడిలో వాణ్ణి ఇస్తానంటే వద్దనేవాళ్ళు, వాణ్ణి కావాలని అడగడానికి సిగ్గు. అందుకే అందరి లిస్టులోనూ వాడే ఖాళీ.

నా దగ్గర ఇద్దరున్నారు. ఒకడికి తుపాకీ లేదు. అడ్రస్ మెసేజ్ చెయ్యి తమ్ముడూ, పోస్ట్‌లో పంపిస్తా.

#25 పాతపెట్టె

అక్కా బదులుగా ఏం పంపను? టాప్స్ కార్డులైతే లేవు 🙂

#26 రోబోరాణి

టిక్ పెట్టి ఫోటో పంపు. పెన్సిల్‌తోనే పెట్టు, పురుగు గారు చూస్తున్నారు.